ఐదువేల మూడువందల అక్షరాలు

మిస్ ఓపల్ మోకాళ్ళ మీద ఊదారంగు మచ్చలు పొద్దున లేవు. ఇప్పుడున్నాయి. దుప్పటి మళ్ళీ కప్పేసి, నర్సుకి చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించి, చెప్పడానికేముంది, జెనీవా ఈ వృద్ధాశ్రమంలో ముప్పై ఏళ్ళుగా ఇవే చూస్తోంది, చూసే కదా తనని ఇక్కడికి పంపింది అనుకుని, ట్విలా స్టాంపర్ కుర్చీని మంచం పక్కకి లాక్కుని కూర్చుంది. మూడు దాటి అయిదు నిమిషాలయింది. కిటికీ అవతల మే నెల ఎండ ఇంకా ఉంది కానీ ఈ లోయలో ఎండ ఎక్కువసేపు నిలవదు, పడమటి కొండ నీడ అప్పుడే కారు షెడ్డు దాకా వచ్చేసింది. "నాలుగో గదిలో కూర్చో పిల్లా," అంది జెనీవా ఇందాక నడవలో, మందుల బండి తోసుకుంటూ వెళుతూనే. "రోడా డేటన్‌లో బయల్దేరిందట. కూతురొచ్చేదాకా పక్కన ఒక మనిషుండాలి. నా డ్యూటీలో ఎవరూ ఒంటరిగా పోవడానికి వీల్లేదు. మిగతా గదుల బెల్లులు మేం చూసుకుంటాంలే." నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. "నీకూ పనికొస్తుంది. రేపు డాక్టరమ్మవి కాబోయేదానివి, ఇవన్నీ రాసుకోవచ్చు." జెనీవా మంచి మనసుతోనే అంది. ఆమె ఏ మాటైనా మంచి మనసుతోనే అంటుంది, అందుకే ఆ మాట పక్కటెముకల కింద ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

మిస్ ఓపల్ ఊపిరి తీసింది. తీసి, వదిలి, ఆగింది. ట్విలా లెక్కపెట్టింది. పద్నాలుగు, పదిహేను, పదహారు. మళ్ళీ చిన్న ఊపిరి, దాని మీద కొంచెం పెద్దది, ఇంకొంచెం పెద్దది, మెట్లెక్కుతున్నట్టు, పైదాకా ఎక్కి మళ్ళీ దిగి, మళ్ళీ నిశ్శబ్దం. ఈ ఊపిరికి ఇద్దరు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టారని ట్విలాకి తెలుసు. ఆ పేర్లు రాయమంటే స్పెల్లింగుతో సహా రాయగలదు. మిస్ ఓపల్‌కి డెబ్భై ఎనిమిదేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు స్టిల్‌హౌస్ క్రీక్ వాగు పొడుగునా పదకొండో నంబరు స్కూలు బస్సు తోలింది. ఆ మలుపుల్లో బొగ్గు లారీలు ఎదురొస్తే వాళ్ళే వెనక్కి వెళ్ళేవారు గాని ఆమె వెళ్ళేది కాదు. ఇప్పుడు తొంభై పౌన్లుంది. దిండు మీద చెయ్యి తిరగేసి ఉంటే, అరచేతిలో స్టీరింగు పట్టిన కాయలు ఇంకా పసుపుపచ్చగా కనబడుతున్నాయి. ఒళ్ళంతా కరిగిపోయినా కాయలు కరగలేదు. ఈ మాట బాగుంది, అనుకుంది ట్విలా, ఒళ్ళు కరిగినా కాయలు కరగలేదు. అనుకున్న వెంటనే తన్ను తనే నిలదీసుకుంది, ఎవరికి బాగుంది? ఎవరి కోసం బాగుంది? ఇంకా ఎవరు చదువుతారని?

జేబులో ఫోను వణికింది. కాలేజీలో తోటి విద్యార్థి ఆన్సెల్ అయి ఉంటాడు. పొద్దున పదకొండింటికి ఒకటి పంపాడు, 'వచ్చేసింది!! నీకూ వచ్చిందా?' అని, రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి. దానికి కొద్ది నిమిషాల ముందే ఆమెకి వచ్చింది. డ్యూటీకి ఇంకా ఇరవై నిమిషాలుందని కారులోనే కూర్చుని, అమ్మమ్మ కట్టిచ్చిన వేయించిన బొలోనీ మాంసం శాండ్‌విచ్ సగం తిని, ఫోనులో కాలేజీ కమిటీ జవాబు తెరిచింది. 'మీ దరఖాస్తును కమిటీ ఎంతో శ్రద్ధతో పరిశీలించింది.' శ్రద్ధతో అన్నప్పుడే తెలిసిపోయింది. ఔనన్నవాళ్ళు శ్రద్ధ గురించి మాట్లాడరు. 'ఈ సంవత్సరం మీకు కమిటీ తరఫున సిఫార్సు ఉత్తరం ఇవ్వలేకపోతున్నందుకు విచారిస్తున్నాం. ఇతర ఆరోగ్య రంగాల్లో మీకున్న అవకాశాల గురించి మాట్లాడటానికి మా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి.' మిగతా సగం శాండ్‌విచ్ కూడా తినేసింది. అదీ ఆమెకి ఇప్పుడు విచిత్రంగా ఉన్నది. గొంతు పూడుకుపోతుందనీ ముద్ద దిగదనీ అంటారు. తనకి శుభ్రంగా దిగింది. రొట్టె ముక్కలు ఒళ్ళోంచి దులిపి, జుట్టు ముడేసుకుని, లోపలికొచ్చి, తొమ్మిదో గది ముసలాయనకి డయపర్ మార్చింది.

ఉత్తరం లేకపోయినా అప్లికేషన్ పెట్టుకోవచ్చు, చట్టమేమీ అడ్డుపడదు. కానీ ప్రతి వైద్య కళాశాలా మీ కాలేజీలో కమిటీ ఉందా అని అడుగుతుంది, ఉందంటే మరి ఉత్తరమేదీ అంటుంది. పెళ్ళికి సొంత మేనమామే రాకపోతే ఊరంతా కారణం అడిగినట్టు. ఆన్సెల్ ఇదంతా మొదటి ఏడాదే బోర్డు మీద గీతలు గీసి మరీ చెప్పాడు, వాళ్ళ నాన్న దంతవైద్యుడు, అక్క ఇప్పటికే మూడో ఏడాది మెడిసిన్. ఇంట్లో పప్పూఉప్పూ మాట్లాడుకున్నంత మామూలుగా వాళ్ళు ఈ మాటలు మాట్లాడుకుంటారు. ఆన్సెల్ చెడ్డవాడు కాడు. అయ్యుంటే ఎంత బాగుండేది! పుస్తకాలన్నీ ఇచ్చాడు, గ్రంథాలయంలో సీటు పట్టిపెట్టాడు, ఆమె వ్యాసం నాలుగుసార్లు దిద్దాడు. దరఖాస్తులో పదిహేను గళ్ళుంటాయి ట్విలా, అనేవాడు, ఒక్కో గడికి ఏడువందల అక్షరాలు, ప్రతిదానికీ గంటలు చెప్పాలి. వలంటీరు గంటలు, ల్యాబ్ గంటలు, డాక్టరు వెనకాల నీడలా నిలబడి చూసిన గంటలు. చర్చి వంటింట్లో సూప్ వడ్డించావుగా, అదీ రాయి. ఇక్కడ పని చేస్తున్నావుగా, అది బంగారం. బంగారం అన్నాడు. రెండు వేల నూట నలభై గంటల బంగారం. ఆ గంటల్లో పక్కపుళ్ళకి కట్లు కట్టడముంది, మనవరాలనుకుని తన్ను కొట్టిన చేతిని పట్టుకుని పాట పాడటముంది, బంగాళాదుంపల ముద్ద చెంచాతో తినిపించడముంది, ఆరో గదిలో పట్టించుకోకుండా ఫోను చూసుకుంటూ గడిపిన పది నిమిషాలూ ఉన్నాయి. అన్నీ ఒకే అంకెలో కూర్చున్నాయి. డాక్టరు నీడ గంటలు మాత్రం నలభయ్యే, ఎందుకంటే ఈ కౌంటీకి డాక్టరు మంగళవారాలు మాత్రమే వస్తాడు, అదీ మంచు పడితే రాడు. లేని మనిషికి నీడెక్కడిది?

ఊపిరి ఆగింది. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. వచ్చింది.

నీళ్ళలో ముంచిన చిన్న స్పాంజి పుల్లతో పెదాలు తడిపింది ట్విలా. నాలుక ఎండిన ఆకులా ఉంది. పెదవి కొంచెం స్పాంజిని పట్టుకుంది, పాలు తాగే పిల్లలా, వదిలేసింది. దీన్ని కూడా ఎక్కడో చదివింది, పుట్టినప్పుడు మొదట వచ్చేదీ పోయేటప్పుడు చివరిదాకా ఉండేదీ అదేనని. పుస్తకంలో చదివిందా, జెనీవా చెప్పిందా? తన బుర్ర ఇలాగే ఉంటుంది. విన్నదేదో చదివిందేదో విడదియ్యలేదు. పరీక్షలో నాలుగు జవాబులిస్తే నాలుగూ ఎప్పుడో విన్నట్టే ఉంటాయి. ఏడున్నర గంటల ప్రవేశ పరీక్ష, వేలిముద్రలు తీసుకుని, జేబులు తిరగేయించి, గోడకి ఆనించిన పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టారు. పక్క గడిలో ఒకమ్మాయి గోళ్ళు కొరుకుతున్న శబ్దం చెవుల్లో దూదులు పెట్టుకున్నా వినబడింది. భౌతికశాస్త్రం భాగంలో ఒక పైపులోంచి నీళ్ళు పారుతున్నాయి, పైపు సన్నబడితే వేగం ఎంత? చిన్నప్పటినుంచీ క్రీక్ ఒడ్డునే బతికింది, ఇరుకులో నీళ్ళు ఎంత కోపంగా పోతాయో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో ఉండరు. సూత్రం మాత్రం గుర్తురాలేదు. నాలుగు వందల తొంభై ఏడు వచ్చింది. ఐదు వందల పది దాటితే గాని తలెత్తుకుని నడవలేరు. మళ్ళీ రాసింది. నాలుగు వందల తొంభై ఎనిమిది. ఆరు నెలలు, ఒక్క మార్కు. అమ్మమ్మ ఆ ఒక్క మార్కుకీ కేకు చేసింది, "పెరిగిందా లేదా? పెరిగింది కదా? మరింకేం!" అంటూ.

అమ్మమ్మకి చెప్పాలి. ఇవాళ బుధవారం, ప్రార్థన కూటం రోజు. ప్రతి బుధవారం అమ్మమ్మ లేచి నిలబడి మా ట్విలా కోసం అంటుంది, అంతే, అందరూ తలలు వంచుతారు. నాలుగేళ్ళుగా వాళ్ళు ఆమె ఆర్గానిక్ కెమిస్ట్రీ కోసం ప్రార్థన చేశారు. ఆ మాట పలకడం ఒక్కరికీ రాకపోయినా చేశారు. పాస్టరు దాన్ని 'ఆ ఆర్గన్ పాఠం' అనేవాడు, చర్చిలో వాయించే ఆర్గన్ అనుకుని ఒకావిడ, ఎందుకమ్మా డాక్టరుకి సంగీతం అంది. నవ్వొచ్చింది ట్విలాకి, అక్కడే, చనిపోతున్న మనిషి పక్కన కూర్చుని, పైకి రానంత చిన్న నవ్వు. అది పూర్తిగా రాకముందే ఆ రోజు గుర్తొచ్చింది.

ఆ రోజు గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. మార్చిలో కమిటీ ముందు కూర్చోబెట్టినప్పుడు ప్రొఫెసర్ లోమాక్స్ కళ్ళజోడు పైకి తోసుకుంటూ ఎంతో మెత్తగా అడిగాడు, "ట్విలా, రెండో ఏడాది ఆర్గానిక్‌లో ఏమైంది? ఏదైనా కష్టం వచ్చిందా? చెప్పు, మేం వినడానికే ఉన్నాం." అది తలుపు తెరవడమే. ఆయన ఆమె కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె దాంట్లోంచి నడిచింది. క్రీక్ పొంగి ఇల్లు మునిగిన వేసవి గురించి చెప్పింది, వారానికి ముప్పై రెండు గంటల పని గురించి, కాలేజీకి రానూపోనూ వంద మైళ్ళ దారి గురించి చెప్పింది. అన్నీ నిజాలే. కానీ వరద వచ్చింది ఆ పరీక్ష అయిపోయిన ఆరు నెలలకి. ఆ పరీక్ష వారం సెలవు పెట్టుకుంది. ముందురోజు ఎనిమిది గంటలు నిద్రపోయింది. పొద్దున అమ్మమ్మ బిస్కట్లూ గ్రేవీ పెట్టింది. రోడ్డు మీద మంచు లేదు, కారు మొదటి తిప్పుకే స్టార్టయింది. మూడు వారాలు చదివింది, కార్డుల మీద రాసుకుని, అద్దానికి అంటించి, పళ్ళు తోముకుంటూ కూడా చదివింది. వెళ్ళి కూర్చుని, కాగితం తిప్పి, ఆ ఆరుకోణాల బొమ్మల వైపు చూసింది. అవి ఆమె వైపు చూశాయి. వందకి యాభై ఎనిమిది మార్కులు. ఎవరూ చావలేదు, ఏదీ మునగలేదు. ఏ అడ్డమూ లేని రోజున, ఉన్న బలమంతా పెడితే, వచ్చినవి యాభై ఎనిమిది. ఆ రోజుకి వరద అరువు తెచ్చుకుంది ఆమె. లోమాక్స్ తల ఊపి రాసుకున్నాడు. "నీ కథలో బలముంది ట్విలా," అన్నాడు చివర్లో, "అంకెలే..." అని వాక్యం పూర్తిచెయ్యలేదు. ఆ వాక్యం ఇవాళ పదకొండింటికి పూర్తయింది. వాళ్ళకి అన్యాయం చెయ్యాలని లేదు, అదే పెద్ద చిక్కు. వాళ్ళు చెడ్డవాళ్ళయితే తిట్టుకుంటూ బతికెయ్యొచ్చు. వాళ్ళు సరిగ్గానే చూశారేమో అన్నదాన్ని ఏ పేరు పెట్టి తిట్టాలి?

"వెనకాల చూశావా?"

ట్విలా ఉలిక్కిపడింది. మిస్ ఓపల్ కళ్ళు సగం తెరుచుకున్నాయి. అవి ట్విలాని చూడటం లేదు, మంచం కాళ్ళవైపు, గోడ పైభాగాన, సరిగ్గా బస్సు అద్దం ఉండాల్సిన ఎత్తులో చూస్తున్నాయి. రెండు రోజులుగా మాట లేని మనిషి. గొంతు గీసుకుంటూ వచ్చింది గాని మాట స్పష్టంగానే ఉంది, విసుగు కూడా ఉంది అందులో.

"ఏంటి మిస్ ఓపల్?"

"వెనక సీట్లు. చూశావా? ఎవరైనా పడుకుండిపోతారు."

ఎవరైనా కాదు, తనే. ఒకటో తరగతి. డిసెంబరు, క్రిస్‌మస్ సెలవులకి ముందురోజు, బస్సు వేడికి కిటికీలన్నీ చెమట పట్టాయి, నేల మీద నారింజ తొక్కల వాసన. చివరి సీటులో కోటు తల మీదకి లాక్కుని పడుకుంది, లేచేసరికి బస్సు ఆగిపోయి ఉంది, ఇంజను శబ్దం లేదు, బయట మసక, ముందంతా ఖాళీ సీట్ల వీపులు. ఏడవాలని కూడా తోచలేదు. అప్పుడు ఆ అడుగులు, బూట్లు, రబ్బరు చాప మీద ఒక్కో వరుస దగ్గరా ఆగి, ఆగి, వస్తున్నాయి. సీటు మీంచి ఒక పెద్ద ముఖం వంగింది. "ఓహో, ఇక్కడొక ముంగిస ఉందే!" అంది. తిట్టలేదు. తన పికప్ ట్రక్కులో ముందు కూర్చోబెట్టుకుని, వేరుశనగ వెన్న రాసిన బిస్కట్లు చేతిలో పెట్టి, ఏడు మైళ్ళు వెనక్కి తోలుకెళ్ళి అమ్మమ్మకి అప్పగించింది. "మీ ముంగిస," అంది గుమ్మంలో. ఆ తర్వాత పన్నెండో తరగతి దాకా, అంత పొడుగయినా, బస్సెక్కిన ప్రతి పొద్దునా ఆమె ముంగిసే.

"చూశాను మిస్ ఓపల్," అంది ట్విలా, చెయ్యి పట్టుకుని. "చివరిదాకా వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు."

మిస్ ఓపల్ కనురెప్పలు దిగాయి. నుదుటి మీద ముడత మెల్లిగా విడిపోయింది, పని అయిపోయిన మనిషి నుదురులా.

అప్పుడు వచ్చింది. పిలవకుండా, తలుపు తట్టకుండా, మొత్తం వాక్యం వాక్యంగా వచ్చి నిలబడింది: 'ఆరేళ్ళ వయసులో ఒక స్కూలు బస్సు చివరి సీటులో నన్నొకామె వెతికి పట్టుకుంది, పదిహేనేళ్ళ తర్వాత ఆమె చివరి గంటలో నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.' దాని వెనకాలే రెండోది. మూడోది. మధ్యలో వరద, ఒక్క వాక్యం చాలు, ఎక్కువ ఏడవకూడదు. తర్వాత మంగళవారం డాక్టరు, ఖాళీ కౌంటీ. చివరికి, వైద్యమంటే వెనక సీటు దాకా నడిచి చూడటమేనని. వ్యాసానికి హద్దు ఐదువేల మూడువందల అక్షరాలు, ఖాళీలతో కలిపి. సరిగ్గా ఇమిడిపోతుంది. 'ఇందులో నువ్వెక్కడున్నావ్ ట్విలా?' అని నాలుగుసార్లు పక్కన రాసిన ఆన్సెల్ ఈసారి ఏమీ రాయడు. లోమాక్స్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. నాలుగేళ్ళుగా, డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావు అన్న ఒక్క ప్రశ్నకి ముప్పై ఏడుసార్లు రాసి కొట్టేసింది. జవాబు ఇవాళ, ఇప్పుడు, వద్దన్న నాలుగు గంటల తర్వాత, వేడివేడిగా వచ్చింది. పంటకి రాని వాన కళ్ళం మీద కురిసినట్టు.

ఆమె చెయ్యి ఇంకా మిస్ ఓపల్ చేతిలోనే ఉంది. ఆ సంగతి మరిచిపోయింది. ఎంతసేపు? ఊపిరి లెక్క కూడా తప్పిపోయింది. ఈ మనిషి ఇక్కడ మెట్లెక్కి దిగుతుంటే, తను చెయ్యి పట్టుకుంటూనే ఆమె జేబులు వెతుకుతోంది. ఛీ అనుకుంది. అనుకుని, ఆ ఛీ కూడా వ్యాసంలో ఎక్కడ పెడితే బాగుంటుందో బుర్ర అప్పుడే చూస్తోంది, నిజాయితీ కనిపిస్తుంది కదా అని. ఇది ఎప్పుడు మొదలైంది? ఒకప్పుడు ఇలా లేదు. పద్నాలుగేళ్ళప్పుడు పొరుగింటి తాతయ్య మెట్ల మీద పడిపోతే పరిగెత్తింది, తల ఒళ్ళో పెట్టుకుంది, అంబులెన్సు వచ్చేదాకా యాభై నిమిషాలు కూర్చుంది, అప్పుడు ఒక్క వాక్యం కూడా రాలేదు. డాక్టరుంటే బాగుండు అనిపించింది, అంతే. దాన్నే మొదటి ఏడాది వ్యాసంలో రాసింది, మూడో ఏడాదికి అది ఎన్నిసార్లు అరిగిందంటే తాతయ్య ముఖం గుర్తురావడం మానేసింది, పేరా మాత్రం గుర్తుంది. ఇప్పుడు మిస్ ఓపల్ కూడా అలాగే పోతుందా? రాయకపోయినా పోతుంది, బుర్రలో ఇప్పటికే రాసేసింది కదా, ఇల్లు అమ్ముడుపోయాక కూడా వాకిలి ఊడ్చే మనిషిలా.

తలుపు సందులోంచి జెనీవా తల పెట్టింది, చేతిలో గది ఫోను. "రోడా. కొండ దారి ఎక్కిందట. చెవి దగ్గర పెట్టు, వింటారు, చివరిదాకా చెవులు పనిచేస్తాయి." ట్విలా ఫోను తీసుకుని మిస్ ఓపల్ చెవికి ఆనించింది. లోపల కారు హోరు, మధ్యలో ఒక పెద్దావిడ గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "అమ్మా, నేనే. వచ్చేస్తున్నా. గంట కూడా పట్టదు. అమ్మా, నేను నీకు చెప్పాల్సింది ఒకటుంది, ఆ ఏడాది నేను రాలేదు చూడూ, కోపమొచ్చి కాదే, నేను..." అంతే. హోరు లేదు, గొంతు లేదు. ఆ మలుపు దగ్గర ఎవరికైనా అంతే, కొండ సిగ్నలుని మింగేస్తుంది, మళ్ళీ పన్నెండు మైళ్ళ దాకా రాదు. రోడా అక్కడ తెలియకుండా మాట్లాడుతూనే ఉండుంటుంది. చెప్పాల్సిందంతా స్టీరింగుకి చెబుతూ ఉంటుంది. ట్విలా ఫోను తియ్యలేదు. మూగ ఫోనుని చెవికి అలాగే ఆనించి పట్టుకుంది. మోచెయ్యి లాగింది, అయినా పట్టుకుంది.

ఊపిరి ఒకటి. చిన్నది. ముప్పై ఒకటి, ముప్పై రెండు. ఇంకొకటి, అది ఊపిరి కాదు, గడ్డం కొంచెం కదలడం. నలభై. యాభై. ట్విలా లెక్కపెడుతూనే ఉంది. తొంభై దాటాక కూడా ఆపలేదు, ఎందుకంటే ఆపితే, అయిపోయిందని ఎవరో ఒకరు చెప్పాలి. గోడ మీద గడియారం నాలుగుకి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఒక వాక్యం కూడా రాలేదు. బుర్ర ఖాళీగా, చల్లగా ఉంది. ఎదురుచూసింది కూడా, ఏదైనా వస్తుందేమోనని. ఏమీ రాలేదు.

జెనీవా వచ్చి స్టెతస్కోపు పెట్టి పూర్తిగా రెండు నిమిషాలు విన్నది. తల ఊపింది. కిటికీ రెండు అంగుళాలు పైకి తోసింది, ఆమె ప్రతిసారీ తోస్తుంది, ఎందుకని ఎవరూ అడగరు. ఇద్దరూ కలిసి గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడిచారు, శుభ్రమైన గౌను తొడిగారు, కట్టుడు పళ్ళు పెట్టారు, జుట్టు దువ్వారు. గడ్డం కింద తువ్వాలు చుట్టి పెడుతూ జెనీవా, "పాపిడి ఎడమవైపు తియ్యాలి, కుడి కాదు. రోడాకి తేడా తెలుస్తుంది," అంది. తర్వాత, చేతులు కడుక్కుంటూ, "ఏం పిల్లా, ముఖమలా ఉంది? మొదటిది కాదుగా?"

"కాదు."

"మరి?"

"ఏం లేదు జెనీవా. పొద్దున శాండ్‌విచ్ పడలేదు."

రోడా నాలుగున్నరకి వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ పొడుగాటి మనిషి, కారు తాళాలు ఇంకా చేతిలోనే. గుమ్మంలో ఆగి చూసింది, చూడగానే తెలిసిపోయింది, అయినా మంచం దాకా నడిచి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఏడవలేదు. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నేను ఫోన్‌లో చెప్పినప్పుడు ఉందా?"

"ఉన్నారండీ."

"అంతా విన్నదా?"

ట్విలా ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. కమిటీ ముందు ఎంత తేలిగ్గా వరద చెప్పిందో అంత తేలిగ్గా వచ్చింది. "విన్నారు. చివరిదాకా చెవి దగ్గరే పెట్టి ఉంచాను. నుదుటి మీద ముడత విడిపోయింది, మీరు మాట్లాడాక."

రోడా కుర్చీలో కూలబడి, అప్పుడు ఏడ్చింది, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, చిన్నపిల్లలా ఎక్కిళ్ళతో. ట్విలా పక్కన నిలబడి కాగితపు రుమాళ్ళ పెట్టె పట్టుకుంది. నుదుటి ముడత విడిపోయింది ముందు. ఫోను వచ్చింది తర్వాత. ఆ రెంటినీ తారుమారు చెయ్యడం ఎంత సులువు! ఇది మంచిపనే అయివుండొచ్చు. అయినా ఇది కూడా తనకి బాగా వచ్చిన విద్యే అని తెలిసింది, నాలుగేళ్ళలో నిజంగా నేర్చుకున్నది ఇదొక్కటే.

"అమ్మ ప్రతి ఆదివారం ఫోన్‌లో చెప్పేది," అంది రోడా ముక్కు తుడుచుకుని, కొంచెం నవ్వబోతూ. "మన స్టాంపర్ వాళ్ళమ్మాయి డాక్టరవుతోందే, నా బస్సులో పిల్లే, ఇక్కడే పనిచేస్తోంది అని. ఊరందరికీ చెప్పేదట. అది నువ్వేనా తల్లీ?"

ట్విలా యూనిఫాం మీద పేరు బిళ్ళ లేదు. పొద్దున కారులోనే వదిలేసింది. నడవలో ఎవరి బెల్లో మోగుతోంది, ఆగి ఆగి.

"కాదండీ," అంది. "అది వేరే అమ్మాయి."

"ఓహో." రోడా తల ఊపింది, తల్లి దుప్పటి అంచు సర్దుతూ. "కనబడితే చెప్పమ్మా ఆ అమ్మాయికి. ఆ పిల్ల డాక్టరై వచ్చేదాకా ఎలాగోలా ఉంటానంది అమ్మ. మంగళవారం దాకా ఆగక్కర్లేకుండా చూపించుకుంటుందట. నేను నవ్వేదాన్ని. ఉండలేకపోయిందని చెప్పు."

"చెప్తానండీ," అంది ట్విలా.